సైన్యం దేశం దాటే ముందు మిమ్మల్ని అడగాలి: తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మందికి, రాజ్యసభలో ఉన్న 18 మందికి నమస్కారం.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. శ్రీకాకుళం జిల్లావాణ్ని. ఏ పార్టీలోనూ లేను. అరవై మందికీ కలిపి ఒకే ఉత్తరం ఎందుకంటే, నేను అడగబోయేది ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మీ అందరికీ నచ్చుతుంది, అధికారంలో ఉన్నప్పుడు ఎవరికీ నచ్చదు. ఏ పార్టీ ఎక్కడ ఉన్నా మొత్తం మీద సగంమందైనా చదువుతారని ఆశ.

విషయం ఇదీ. రేపు పొద్దున భారత ప్రభుత్వం మరో దేశంలో యుద్ధానికి మన సైన్యాన్ని పంపాలనుకుంటే పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. మంత్రివర్గంలో భద్రతా వ్యవహారాల సంఘం అని ఒకటుంది. అందులోని నలుగురైదుగురు కూర్చుని తేల్చేస్తే చాలు. మీకు సమాచారం వస్తుంది. బహుశా టీవీలో వచ్చాకే వస్తుంది. ఖర్చు మీ ముందుకొస్తుంది గాని, రక్షణ శాఖ పద్దుల్లో కలిసిపోయి వస్తుంది.

ఇది రాజ్యాంగం చేసిన ఏర్పాటేనని కొందరు లాయరు మిత్రులు నాతో వాదించారు. 53వ అధికరణం తెరిచి చూడండి. త్రివిధ దళాల సర్వాధిపత్యం రాష్ట్రపతిదని చెప్పి, ఆ అధికారాన్ని ఎలా వాడాలో చట్టం నియంత్రించాలని ఆ వాక్యంలోనే చెప్పింది. యుద్ధం, శాంతి, విదేశాలతో ఒప్పందాలు ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితాలో ఉన్నాయి. అంటే వాటి మీద చట్టం చేసే అధికారం మీదే. డెబ్భై అయిదేళ్లు దాటినా సైన్యాన్ని బయటి దేశానికి పంపే విషయంలో మీరు గాని, మీకు ముందువాళ్లు గాని అలాంటి చట్టం చేయలేదు. సముద్రపు దొంగలను పట్టుకోవడానికి మాత్రం 2022లో చక్కగా చట్టం చేశారు. మన నేవీ వాళ్లు అరేబియా సముద్రంలో దొంగను పట్టుకుంటే ఏ సెక్షను కింద కేసు పెట్టాలో ఇప్పుడు తెలుసు. లక్షమంది జవాన్లను పక్కదేశం పంపడానికి ఎవరి సంతకం కావాలో ఏ సెక్షనూ చెప్పదు.

మనల్ని అడక్కుండా మన మనుషుల్ని యుద్ధాలకు పంపిన చరిత్ర మనకు కొత్త కాదు. 1914 ఆగస్టు 4న లండన్‌లో రాజు జర్మనీ మీద యుద్ధం ప్రకటించాడు, దాంతో మనం కూడా యుద్ధంలో ఉన్నట్టే అయింది. సెప్టెంబరులో వైస్రాయి శాసనమండలి ఆ యుద్ధానికి మద్దతు చెప్పి, ఖర్చులో వాటా భరిస్తామని తీర్మానం చేసింది. ఆ మండలిలో కూర్చున్నవాళ్లకు ఓటేసిన మనుషులు దేశంలో ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగేళ్లలో పోరాడేవాళ్లు, కూలీలు, వంటవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు అందరూ కలిపి 13 లక్షల మంది సముద్రం దాటారు. దాదాపు 74 వేలమంది తిరిగి రాలేదు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. 1917లో మన ఖజానా నుంచి బ్రిటన్‌కి 10 కోట్ల పౌండ్లు, అప్పటి లెక్కలో 150 కోట్ల రూపాయలు, 'కానుక'గా వెళ్లాయి.

ఇదంతా ఎక్కడో పంజాబులో జరిగిన సంగతి అనుకోవద్దు. ఢిల్లీలో మీ కార్లు రోజూ దాటే తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ ముగ్గురు సిపాయిల్లో ఒకరు హైదరాబాద్ లాన్సర్స్ అనే గుర్రపు దళానికి గుర్తు. నిజాం ఇచ్చిన డబ్బుతో విమానాలు కొన్న బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే పెట్టారు. ఆ డబ్బు ఏ ఊరి శిస్తు, కట్టినవాడికి జర్మనీ ఎక్కడుందో తెలుసా అని ఎవరూ అడగలేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు మనుషుల్ని ఇచ్చింది.

ఆ 13 లక్షల్లో అందరికంటే ఎక్కువ మంది వెళ్లింది ఫ్రాన్స్‌కి కాదు, మెసొపొటేమియాకి. ఇప్పటి ఇరాక్. మొదట బస్రా, పక్కనే ఉన్న నూనె శుద్ధి కర్మాగారం కాపాడడం అన్నారు. తర్వాత నది వెంట పైకి పోయి బాగ్దాద్ పట్టేద్దామన్నారు. సరిపడా పడవలు లేవు, మందులు లేవు, డాక్టర్లు లేరు. కుట్ అనే ఊళ్లో జనరల్ టౌన్‌షెండ్ దళం అయిదు నెలల పాటు తురుష్కుల ముట్టడిలో చిక్కుకుని, ఆకలికి గుర్రాలను కోసుకుతిని, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. లొంగిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. ఎడారిలో నడిపించుకుపోతుంటే దారిలో రాలిపోయారు. బస్రాలో యుద్ధ స్మారకం కట్టినప్పుడు బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలకు మాత్రం ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు.

ఈ కుట్ సంగతి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలిసి ఉండదు. ఆ ఘోరం మీద లండన్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి విచారణ కమిషన్ వేసింది. 1917లో నివేదిక బయటికొచ్చింది. వైస్రాయి హార్డింజ్‌తో సహా సిమ్లాలో కూర్చుని యుద్ధం నడిపినవాళ్లను పేరుపెట్టి తప్పుపట్టింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. మన మీద స్వారీ చేసిన సామ్రాజ్యం, మనల్ని లెక్కచేయని పార్లమెంటు, అయినా అది తన మంత్రిని బోనులో నిలబెట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మరోసారి అదే పని చేశాడు. ఒక్క భారతీయ నాయకుణ్ని అడగలేదు. భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటన చదివేశాడు. ఈసారి ఊరుకున్నవాళ్లు లేరు. రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలున్నాయి. యుద్ధ లక్ష్యం ఏమిటో చెప్పండి, మా స్వాతంత్ర్యం సంగతేమిటో చెప్పండి అని అడిగాయి. జవాబు రాకపోతే అక్టోబరు, నవంబరుల్లో వరసగా రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం దిగిపోయింది. అందులో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. పరిశ్రమలు, కార్మిక శాఖలు చూసింది వి.వి.గిరి. బెజవాడ గోపాలరెడ్డి కూడా ఉన్నారు. మీలో చాలామంది ఈ ముగ్గురి విగ్రహాలకూ దండలేసినవాళ్లే. వాళ్లు కుర్చీలు దిగింది సరిగ్గా ఈ ప్రశ్న మీద: ప్రజలు ఎన్నుకున్నవాళ్లను అడక్కుండా ప్రజల్ని యుద్ధంలోకి ఎలా దించుతారు?

ఆ తర్వాత వ్యక్తి సత్యాగ్రహంలో ప్రకాశం జైలుకి కూడా వెళ్లారు. దేనికోసం? ఈ యుద్ధానికి మనిషిని ఇవ్వకండి, డబ్బు ఇవ్వకండి అని జనానికి చెప్పే హక్కు కోసం. ఇప్పుడు ఎవరైనా అలా అంటే ఏ చట్టం కింద లోపలేస్తారో ఆలోచిస్తే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది.

రెండో యుద్ధంలో మన సైన్యం 25 లక్షలకు పెరిగింది. 87 వేలమంది చనిపోయారు. ఎరిట్రియాలో కెరెన్, లిబియా ఎడారి, ఇటలీలో మాంటె కాసినో, సింగపూర్, బర్మా. పేర్లు చదువుతూ పోతే ఈ ఉత్తరం భూగోళం పాఠం అవుతుంది. నేను చెప్పదలుచుకుంది, దూరంలో జరిగే యుద్ధం దూరంలో ఉండదని. మా ఉత్తరాంధ్రకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. రంగూన్‌ని మా పెద్దవాళ్లు రంగం అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా రంగం వెళ్లి, ఓడరేవులో మూటలు మోసి, బియ్యం మిల్లుల్లో పనిచేసి, ఇంటికి డబ్బు పంపినవాళ్లున్నారు. 1941 డిసెంబరు 23న ఆ ఊరి మీద జపాను బాంబులు పడ్డాయి. మార్చికల్లా ఊరే పడిపోయింది. ఓడ టికెట్టు డబ్బున్నవాడికి, తెల్లవాడికి దొరికింది. మిగతావాళ్లు అరకాన్ కొండల మీదుగా, సరిహద్దు ఊరు తమూ మీదుగా మణిపూరుకి నడిచారు. నాలుగు లక్షల పైచిలుకు జనం. కలరా, మలేరియా, ఆకలి. ఎంతమంది దారిలో పోయారో కచ్చితమైన లెక్క ఎవరి దగ్గరా లేదు. వాళ్లు సైనికులు కారు గనక ఏ స్మారకం మీదా అంకె కూడా లేదు.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులేశాయి. ప్రాణనష్టం తక్కువే గాని, విశాఖ జనం సామాన్లు బళ్లకెత్తుకుని ఊళ్లు పట్టారు. ఆ రోజు పడి పేలని బాంబు ఇప్పటికీ బీచ్ రోడ్డు మీద మ్యూజియంలో ఉంది, పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. బర్మా బియ్యం ఆగిపోయింది. ధరలు పెరిగాయి. పై ఏడాది బెంగాల్లో కరువొచ్చి ముప్పై లక్షలమంది చచ్చిపోయారు. లిన్‌లిత్‌గో ఆ ప్రకటన చదివినప్పుడు వీటిలో ఏ ఒక్కటీ ఆయన కాగితంలో లేదు. సభలో చర్చ పెట్టి ఉంటే, బర్మాలో మనవాళ్ల సంగతేమిటని గంజాం, విశాఖ సభ్యుల్లో ఒక్కడైనా లేచి అడిగేవాడు. అడిగితే ఏమై ఉండేదో నేను చెప్పలేను. అడిగే చోటే లేకుండా పోయింది.

మరి స్వాతంత్ర్యం వచ్చాక? రాజ్యాంగ సభలో ప్రకాశం ఉన్నారు, పట్టాభి సీతారామయ్య ఉన్నారు, దుర్గాబాయి ఉన్నారు. ముసాయిదా సంఘంలో మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ఉన్నారు. 1939లో ఏ అధికారం మీద కోపం వచ్చి కుర్చీలు వదిలారో ఆ అధికారం వైస్రాయి చేతిలోంచి మంత్రివర్గం చేతిలోకి మారింది. చట్టం నియంత్రించాలి అని ఒక మాట రాసి, ఆ చట్టం తర్వాతివాళ్లకు వదిలారు. దేశం అప్పటికి ముక్కలై ఉంది, కశ్మీరులో యుద్ధం నడుస్తోంది. వాళ్లను తప్పుపట్టబుద్ధి కావడంలేదు. తర్వాతివాళ్లను మాత్రం తప్పుపడతాను, ఆ తర్వాతివాళ్లలో మీరూ ఉన్నారు.

మొదటి ఏళ్లలో నెహ్రూ ప్రభుత్వం జాగ్రత్తగానే నడిచింది. 1950లో కొరియా యుద్ధం వచ్చినప్పుడు పోరాడే దళాలు పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. ఐక్యరాజ్యసమితి జెండా కింద కాంగోతో సహా ఎన్నో చోట్లకు మనవాళ్లు వెళ్లారు. ఆ సేవలో ఇప్పటికి 160 మందికి పైగా ప్రాణాలిచ్చారు. ఆ పని మీద నాకు పేచీ లేదు. 1971లో కూడా ఇందిరా గాంధీ మార్చి 31నే తూర్పు బెంగాల్ ప్రజలకు మద్దతుగా ఉభయ సభల్లో తీర్మానం పెట్టించారు. యుద్ధం ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. సభను వెంట తీసుకెళ్లిన యుద్ధం ఎలా ఉంటుందో అది చూపిస్తుంది.

సభను వదిలేసి వెళ్లిన యుద్ధం శ్రీలంకది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, మన పాఠ్యపుస్తకాలు దాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తాయి.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అక్కడ ప్రత్యేక తమిళ దేశం కోసం తుపాకీ పట్టిన ఎల్టీటీఈ అందులో భాగస్వామి కాదు, సంతకం పెట్టలేదు. కాని ఆయుధాలు అప్పగించాల్సింది వాళ్లే, అప్పగించేట్టు చూసే పూచీ మనది. మర్నాటికే మన సైన్యం జాఫ్నా ద్వీపకల్పంలో దిగుతోంది. ముందు వెళ్లింది ఏ దళమో తెలుసా? మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ పదాతి డివిజన్. ఆ రోజే కొలంబోలో గౌరవ వందనం స్వీకరిస్తున్న మన ప్రధానిని ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఎలాంటి ఇంటికి చుట్టంగా వెళ్తున్నామో ఆ ఒక్క దెబ్బతో తెలిసిపోవాల్సింది.

అప్పుడు లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం ఏది? 30 మంది సభ్యులున్న తెలుగుదేశం. తెలుగువాళ్లకు ఢిల్లీలో అంతకు ముందు అలాంటి స్థానం లేదు. వాళ్లు మాట్లాడగలరు, అరవగలరు, వాకౌట్ చేయగలరు. ఓటు వేయడానికి మాత్రం వాళ్ల ముందు ఏమీ లేదు, ఎందుకంటే ప్రభుత్వం సభకు చెప్పిందే తప్ప అడగలేదు. అడిగినా 400 సీట్లు దాటిన ప్రభుత్వం గెలిచేదే. అది నాకూ తెలుసు. కాని అడిగి ఉంటే ప్రభుత్వం కొన్నిటికి కాగితం మీద జవాబు రాసుకోవాల్సి వచ్చేది. ఎల్టీటీఈ ఆయుధాలివ్వకపోతే ఏం చేస్తారు? ఎన్నాళ్లుంటారు? ఆ దేశ ప్రభుత్వమే పొమ్మంటే? మన గడ్డ మీద మనమే శిక్షణ ఇచ్చినవాళ్ల మీద మన జవాన్లు తుపాకీ ఎత్తాల్సి వస్తే?

భయపడాల్సినవన్నీ జరిగాయి. అక్టోబరుకల్లా యుద్ధం మొదలైంది. 11వ తేదీ రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో ఎల్టీటీఈ నాయకులను పట్టుకోవాలని హెలికాప్టర్ల నుంచి దళాలను దించారు. వాళ్లు వస్తున్నారని అవతలివాళ్లకు ముందే తెలుసు. దిగిన సిక్కు పదాతి దళం జవాన్లు 30 మందిలో బతికి పట్టుబడింది ఒక్కడు. చేతిలో సరైన మ్యాపులు కూడా లేవని తర్వాత అధికారులే రాసుకున్నారు. జాఫ్నా ఆస్పత్రిలోకి అక్టోబరు 21న మన దళాలు చొరబడినప్పుడు జరిగిన కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. అక్కడి తమిళులు ఆ రోజును ఇప్పటికీ తలుచుకుంటారు. మన దగ్గర ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మన సైన్యాన్ని పొమ్మన్నాడు. పొమ్మనడమే కాదు, మనవాళ్ల మీద వాడడానికి ఎల్టీటీఈకి ఆయుధాలు కూడా ఇచ్చాడు. చివరి దళం 1990 మార్చి 24న తిరిగొచ్చింది. మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రి రాలేదు. సుమారు 1,200 మంది జవాన్లు ఆ దీవిలో పోయారు. ఏడాది తర్వాత శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య.

ఇప్పుడు మెసొపొటేమియా కమిషన్ దగ్గరికి వస్తాను. కార్గిల్ తర్వాత వాజ్‌పేయి ప్రభుత్వం సుబ్రహ్మణ్యం కమిటీ వేసి, నివేదికను పార్లమెంటు ముందుంచింది. శ్రీలంకలో ఆ మూడేళ్ల మీద అలాంటిది ఒక్కటీ సభ ముందుకు రాలేదు. ఎవరు ఏ అంచనాతో పంపారు, ఏ గూఢచారి నివేదిక ఏం చెప్పింది, జవాబుదారీ ఎవరు? అన్నీ రిటైరైన జనరల్స్, దౌత్యవేత్తలు రాసుకున్న ఆత్మకథల్లో ఒకరి మీద ఒకరు చెప్పుకున్న మాటలే. 1917లో తెల్లవాళ్ల పార్లమెంటు కుట్‌లో చచ్చిన మన సిపాయిల గురించి తన మంత్రిని అడిగింది. 1990లో మన పార్లమెంటు మన జవాన్ల గురించి ఆ పాటి కూడా అడగలేదు. ఈ పోలిక రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

2003కి వద్దాం, ఎందుకంటే అది మీకు అనుకూలమైన సాక్ష్యం. ఆ ఏప్రిల్‌లో ఇరాక్ మీద అమెరికా దాడిని తప్పుపడుతూ పార్లమెంటు తీర్మానం చేసింది. తర్వాత అమెరికా ఒక డివిజన్ సైన్యాన్ని, అంటే 17 వేలకు పైన మనుషుల్ని ఇరాక్ పంపమని మనల్ని అడిగింది. పంపితే పోయేదేముంది, కాంట్రాక్టులొస్తాయి, పలుకుబడి వస్తుంది అని ఢిల్లీలో గట్టిగానే వాదించినవాళ్లున్నారు. జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కుదరదంది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేదు అన్నది కారణం. సభ తీర్మానం చట్టపరంగా ప్రభుత్వాన్ని కట్టేయలేదు, కాని అది అక్కడ ఉండడం వల్ల 'కాదు' అనడం తేలికైంది. అమెరికాకి ఆ యుద్ధంలో 4,400 మందికి పైగా సైనికులు పోయారు. మనం వెళ్లి ఉంటే బస్రా స్మారకం మీద అంకెలైన సిపాయిల మునిమనవళ్లు అదే నేల మీద కాపలా కాసి ఉండేవాళ్లు.

అత్యవసరం వస్తే సభను పిలిచే టైం ఎక్కడ అంటారు. నిజమే. 1988 నవంబరు 3న మాల్దీవుల్లో కిరాయి మూకలు ప్రభుత్వాన్ని కూలదోయబోతే, అధ్యక్షుడు గయూమ్ అడిగిన కొన్ని గంటల్లో ఆగ్రా నుంచి పారాట్రూపర్లు వెళ్లి దిగారు. పని అయ్యింది. అలాంటి రాత్రి సభకోసం ఆగమని ఎవరూ అనరు. జర్మనీలో 1994లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం, సైన్యం బయటికి పోవాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలంది. 2005లో దానికి చట్టం చేసుకున్నారు. ప్రమాదం ముంచుకొస్తే ముందు పంపి తర్వాత ఆమోదం తీసుకోవచ్చు. సభ ఒప్పుకోకపోతే వెనక్కి పిలవాలి. టర్కీ పార్లమెంటు 2003 మార్చి 1న అమెరికా సైన్యాన్ని తన నేల మీదుగా పోనివ్వడానికి సరిపడా ఓట్లు వేయలేదు, అంతపెద్ద మిత్రుడైనా ఆగాల్సి వచ్చింది. బ్రిటన్‌లో 2013లో సిరియా మీద దాడికి ప్రధాని కామెరాన్ అడిగితే 285, 272 ఓట్లతో సభ వద్దంది. ప్రభుత్వం పడిపోలేదు, దేశం బలహీనపడలేదు.

సభ ఓటేస్తే మంచి నిర్ణయమే వస్తుందని నేను అనడంలేదు. 1964లో వియత్నాం యుద్ధానికి దారి తీసిన టోంకిన్ తీర్మానానికి అమెరికా దిగువ సభలో ఒక్కరూ వ్యతిరేకంగా ఓటేయలేదు, సెనేట్‌లో ఇద్దరే. 2003లో ఇరాక్‌కి పోదామని బ్రిటన్ సభ కూడా పెద్ద మెజారిటీతో ఒప్పుకుంది. సభలూ పొరబడతాయి, వెర్రెక్కి పొరబడతాయి. తేడా ఏమిటంటే, టోంకిన్ తీర్మానానికి ఎదురు నిలిచిన ఆ ఇద్దరి పేర్లూ రికార్డులో ఉన్నాయి, ఒప్పుకున్నవాళ్ల పేర్లూ ఉన్నాయి. శ్రీలంకకు పంపమన్నదెవరో, వద్దన్నదెవరో మన దగ్గర సంతకాలు లేవు.

ఇంకో చిక్కు ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. 1985 నుంచి విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. యుద్ధం మీద ఓటు పెట్టి, దానికి విప్ వేస్తే, అది పార్టీ అధ్యక్షుడు వేసే ఓటే, మీరు చేతులెత్తే బొమ్మలు. కాబట్టి నేను అడుగుతున్న చట్టంలో మొదటి మాట అదే ఉండాలి: సైన్యాన్ని బయటికి పంపే తీర్మానం మీద ఓటుకి విప్ వర్తించదు. దానికి రాజ్యాంగంలో ఫిరాయింపుల సంగతి చెప్పే పదో షెడ్యూలు సవరించాలి, కష్టం. అయినా అది లేకపోతే మిగతాదంతా దండగ.

మిగతాది చిన్నదే. మన సరిహద్దుల రక్షణకు, మన నేల మీద దాడి జరిగితే తిరిగి కొట్టడానికి, వరదలు భూకంపాల సహాయానికి, ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు ఈ చట్టం అడ్డురాకూడదు. అంతకుమించి వేరే దేశంలో పోరాటానికి సైన్యం పోవాలంటే ఉభయ సభలూ ఒప్పుకోవాలి. అత్యవసరంలో ముందు పంపినా ముప్పై రోజుల్లో ఆమోదం రావాలి. ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరి ఆజ్ఞ కింద అన్నది తీర్మానంలో రాసి ఉండాలి. ఆరు నెలలకోసారి ఖర్చు, ప్రాణనష్టం సభకు చెప్పాలి. తిరిగొచ్చాక విచారణ జరిపి నివేదిక బయటపెట్టాలి. రహస్యాలు తీసేసి పెట్టినా సరే. విదేశీ ఒప్పందాలను పార్లమెంటు అదుపులోకి తెచ్చే చట్టం కావాలని 2002లో రాజ్యాంగ సమీక్షా సంఘం కూడా చెప్పింది. అందులో మన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి సభ్యులు. ఆ నివేదిక మీ పార్లమెంటు లైబ్రరీలోనే ఉంటుంది.

మంత్రులు కాని సభ్యులు పెట్టే ప్రైవేటు మెంబరు బిల్లులు నెగ్గవని మీరంటారు. 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదని నాకు తెలుసు. కాని 2015లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద తిరుచ్చి శివ పెట్టిన బిల్లు రాజ్యసభలో నెగ్గాక, ప్రభుత్వం తనే ఒక బిల్లు తేక తప్పలేదు. మీలో ఒక్కరు శుక్రవారం మధ్యాహ్నం లేచి ప్రవేశపెడితే చాలు. చర్చకు వస్తే రక్షణ మంత్రి లేచి, ఈ అధికారం మా దగ్గరే ఎందుకుండాలో కారణం చెప్పాలి. ఆ కారణం ఇంతవరకు ఎవరూ ఎక్కడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక.

బిల్లుకి టైం పడుతుంది. ఈలోగా ఒక రాతపూర్వక ప్రశ్న వేయండి, దానికి ఏ పార్టీ అనుమతీ అక్కర్లేదు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో చనిపోయిన, గాయపడిన జవాన్లలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లు ఎంతమంది, జిల్లాలవారీగా? ఆ పోరాటానికి అయిన మొత్తం ఖర్చెంత? దాని మీద రక్షణ శాఖ దగ్గర అంతర్గత సమీక్ష ఏదైనా ఉందా, ఉంటే సభ ముందు ఎందుకు పెట్టలేదు?

ఈ ప్రశ్న, బిల్లు ముసాయిదా రెండూ తెలుగులో రాసి పెట్టాను. హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఇంగ్లిషులోకి మార్చి, తప్పులు దిద్ది ఇచ్చాడు. ఈ ఉత్తరంతో పాటు మీ అరవై మంది ఆఫీసులకూ పోస్టులో పంపుతున్నాను. వచ్చే సమావేశాల నోటీసు గడువు లోపల చూడగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్,
శ్రీకాకుళం జిల్లా